ట్రోపోనిన్ టెస్ట్ రెండుసార్లు ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, పోయిన వారం రాత్రి పదకొండింటికి మా నాన్న గుండెల్లో బరువుగా ఉందంటే గ్యాసేమోనని సోడా తాగించాం, తగ్గకపోతే పన్నెండున్నరకి ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ నార్మల్, ట్రోపోనిన్ అని రక్తపరీక్ష చేస్తే అదీ నెగెటివే, అయినా పంపకుండా మూడు గంటలాగి మళ్లీ అదే టెస్ట్! అదీ నార్మలే. బిల్లు కోసమే ఇదంతా అని మా బాబాయి ఒకటే గొడవ. నిజమేనా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లేదమ్మా, ఈ ఒక్క విషయంలో మాత్రం ఆస్పత్రి వాళ్లదే కరెక్టు.

ట్రోపోనిన్ అంటే కండరంలోనే ఉండే ప్రొటీన్, సి, ఐ, టి అని మూడు ముక్కలు. కండరంలో యాక్టిన్, మయోసిన్ అనే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని లాక్కుంటేనే అది ముడుచుకుంటుంది, మామూలప్పుడు ఆ పట్టు దొరక్కుండా ట్రోపోమయోసిన్ అనే తాడు అడ్డంగా పడి ఉంటుంది, దాన్నక్కడ నొక్కిపట్టేది ఈ ట్రోపోనినే. కాల్షియం వచ్చి సి ముక్కకి అతుక్కోగానే ఐ ముక్క పట్టు వదిలేస్తుంది, తాడు పక్కకి జరుగుతుంది, గుండె ముడుచుకుంటుంది, కాల్షియం పోతే మళ్లీ అడ్డం. మీరీ వాక్యం చదివేలోపే ఎన్నిసార్లు అయిపోయిందో! జపాన్‌లో సెట్సురో ఎబాషి వాళ్లు 1960ల్లో కనిపెట్టారు దీన్ని.

గుండెలో ఉండే ఐ, టి ముక్కలు కాళ్లూచేతుల కండరాల్లో వాటికంటే వేరు, గుండె కణం దెబ్బతింటే అవి రక్తంలోకి కారతాయి, అందుకే రక్తంలో అవి పెరిగితే దెబ్బ గుండెకే తగిలిందని తెలుస్తుంది. కానీ కణం దెబ్బతిన్న మరుక్షణమే కనిపించవు కదా, పాత రకం టెస్టుల్లో తేలడానికి 3-4 గంటలు పడుతుంది, రవ్వంత ఉన్నా పట్టేసే హై సెన్సిటివిటీ వాటిలో ఇంకాస్త ముందే. మీ నాన్నగారికి మొదటిసారి రక్తం తీసింది నొప్పొచ్చిన గంటన్నరకే! అప్పుడే నెగెటివ్ అని ఇంటికి పంపించేస్తే నేనైతే ఆ డాక్టర్నే తిట్టేవాణ్ణి. ఒక్క నంబర్ కాదు, రెండోసారికి పెరిగిందా లేదా అన్నదే మాకు కావాల్సింది. పెరిగినా ప్రతిసారీ హార్ట్ ఎటాకే అనుకోకండి, కిడ్నీ జబ్బున్నా, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినా పెరుగుతుంది.

రిపోర్టులు పోల్చేటప్పుడు యూనిట్లు చూడండి, ఒక ల్యాబ్‌లో 0.04 అని వేసింది ఇంకో ల్యాబ్‌లో 40 కావచ్చు, మిల్లీలీటరుకా లీటరుకా అన్నదే తేడా.

ఇంకోసారి బరువనిపిస్తే సోడా పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి. రెండు టెస్టులూ నార్మలైనా ఆ బరువెందుకొచ్చిందో తేలలేదు కాబట్టి, నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు వస్తోందేమో అడిగి ఈ వారంలోనే కార్డియాలజిస్టుకి చూపించండి.