రాత్రి మెలకువా పనే

ప్రశ్న: అక్క ఖద్దామా (ఇంటిపని) వీసాతో కువైట్ వెళ్లి, మంచం పట్టిన పెద్దావిడను చూసుకుంటోంది. రాత్రుళ్లు కూడా రెండు గంటలకోసారి లేచి ఆమెను పక్కకు తిప్పాలి. నడుము పట్టేసింది. రెండు నెలల జీతం రాలేదు, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. ఏం చేయాలి?
– ఒక సోదరి, రాజంపేట

జవాబు: రాత్రి లేచి చేసినదీ పనే, దాన్ని లెక్కలోకి తేవాలి. అక్కడి 2015 నాటి 68వ చట్టం ప్రకారం ఇంటిపనివారికి రోజుకు 12 గంటలు మించకూడదు. వారానికో సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు. జీతం ఆలస్యమైతే నెలకు 10 దినార్లు అదనంగా ఇవ్వాలి.

ఎన్నింటికి లేచిందీ, ఎన్నింటికి పడుకున్నదీ, జీతం ఏ తేదీన ఎంత అందిందీ రోజూ చిన్న పుస్తకంలో రాసుకోమనండి. పేజీలు ఫోటో తీసి మీకు వాట్సాప్ చేయాలి. ఫోను లాక్కున్నా లెక్క మీ దగ్గర ఉంటుంది.

తిప్పడం మానితే పెద్దావిడకు పుండ్లు పడతాయి, కాబట్టి మానేయమని చెప్పలేం. పంపుతో గాలి మారే పరుపు కొనమని అడగాలి. అది వేశాక, చర్మం చూసి డాక్టరు ఒప్పుకుంటే తిప్పే వ్యవధి పెంచొచ్చు. అయినా రాత్రిలో కొంత భాగం ఇంటివాళ్లే చూసుకోవాలి, ఇది గట్టిగా అడగాల్సిన మాట.

నడుము కోసం: దుప్పటిని రెండుగా మడిచి పెద్దావిడ భుజాల నుంచి తొడల దాకా కింద పరవాలి. తిప్పేటప్పుడు ఒంటిని కాదు, దుప్పటి అంచును పట్టి లాగాలి. మోకాళ్లు వంచాలి, నడుము వంచకూడదు. చంకల కింద చేతులు వేసి ఒక్కతే ఎత్తకూడదు. చక్రాల కుర్చీలోకి మార్చాలంటే బ్రేకు వేసి ఇద్దరు పట్టాలి.

ఇల్లు వదిలి తెలిసినవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లిపోవద్దు. యజమాని పరారీ కేసు పెడితే బాధితురాలే దోషి అవుతుంది. బయటపడాల్సి వస్తే నేరుగా భారత ఎంబసీకో, అక్కడి గృహ కార్మికుల ఫిర్యాదుల విభాగానికో వెళ్లాలి. మీరు ఇక్కడినుంచి మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్‌లో పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు), యజమాని పేరు, ఫోను ఇచ్చి ఫిర్యాదు నమోదు చేయండి. ఈ వివరాలు ఇవాళే తెప్పించుకోండి.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, పదో తరగతి తప్పాను. ఏజెంటు విజిట్ వీసాతో ఇంటిపనికి గల్ఫ్ పంపిస్తానంటున్నాడు. వెళ్లొచ్చా?
– ఒక చెల్లి, అమలాపురం

జవాబు: వద్దమ్మా. పదో తరగతి పాసవ్వనివాళ్లకు వచ్చేది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే గల్ఫ్ లాంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. అది ఉన్న ఆడవాళ్లు 30 నిండాకే ఆ పనికి వెళ్లాలి. విజిట్ వీసాలో కాంట్రాక్టు ఉండదు, పట్టుబడితే తప్పు మీ మీదకే వస్తుంది. వయసు వచ్చాక ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ద్వారానే వెళ్లండి. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలు, 10 లక్షల రక్షణ. అది కట్టకుండా విమానం ఎక్కొద్దు.