ఎనిమిదో వారం మర్చిపోకు నాన్నా

చిరంజీవి చిన్నోడికి అమ్మమ్మ దీవించి రాయునది.

దొడ్లో గూడు కట్టించి 40 గ్రామప్రియ జాతి కోడిపిల్లల్ని తెచ్చావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఛాతీ పొంగింది. అంతలోనే, ఆదివారం సంతలో పుంజుని కూడా కొంటున్నావంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గూట్లో పొట్టు తడవనివ్వకు, తడి పొట్టులోనే రక్త పారుడు పుడుతుంది. నీళ్ళ పళ్ళేలు రోజూ కడుగు. గుడ్డుకొచ్చే వేళకి ఆల్చిప్పల పొడి అందుబాటులో పెట్టు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా కొక్కెర తెగులు. డాక్టర్లు రాణిఖేత్ అంటారే, అది.

మీ అమ్మ బళ్ళో చదువుకునే రోజులు. నా దొడ్లో 38 పెట్టలు. చిన్నప్పుడే వాటికి కంట్లో టీకా చుక్కలు వేయించాను, ఇక దిగుల్లేదనుకున్నాను. ఎనిమిదో వారంలో రెక్క దగ్గర వేయించాల్సిన సూది మాత్రం కోతల హడావుడిలో రేపు, ఎల్లుండి అంటూ వదిలేశాను. అయిదున్నర నెలలకి గుడ్డుకొచ్చాయి. తొలి గుడ్డు నిమ్మకాయంత, పెంకు మీద సన్నటి నెత్తురు చార. అది ఇంకా వెచ్చగా ఉండగానే దేవుడి గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకున్నాను.

ఎండలు ముదురుతున్నాయి. ఆ వారమే సంతలో నల్ల పుంజుని కొన్నాను. ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. రేపు వేరే గంప కింద మూద్దాంలే అని అన్నిటితో కలిపి గూట్లోకే తోలాను. ఆరో రోజు పొద్దున తలుపు తీస్తే ఒక్కటీ బయటికి దూకలేదు. రెక్కలు వాల్చి, నోళ్ళు తెరిచి గురగురమంటున్నాయి. కిందంతా పచ్చటి పారుడు. తొలి గుడ్డు పెట్టిన పెట్ట మెడ మెలి తిరిగిపోయి, గింజ కోసం పొడిస్తే ముక్కు పక్కన నేలకి తగులుతోంది. ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పోశాను, మింగలేదు. వారం తిరిగేసరికి అయిదు మిగిలాయి.

అంతటితో ఆగినా బాగుండేది. చచ్చినవాటిని కాలవలో వేశాను. దిగువన ఒక ముసలావిడ గుడ్లమ్ముకుని బతికేది. ఆవిడ కోళ్ళూ పోయాయి. నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆవిడ ఉన్నంత కాలం ఆ గుమ్మం ముందు నుంచి తలెత్తుకుని నడవలేకపోయాను.

అందుకే తిడుతున్నాను, వినరా. దానికి మందు లేదు, ముందు వేసే టీకాయే దిక్కు. ఏడో రోజు లసోటా అనే చుక్కల టీకా, నాలుగో వారంలో మళ్ళీ లసోటా, ఎనిమిదో వారంలో రెక్క దగ్గర ఆర్‌టూబీ అనే టీకా సూది. టీకాని ఐసులో పెట్టి తెచ్చుకో, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. నలతగా ఉన్నదానికి వేయించకు. ఆదివారం సంతకి వెళ్ళకు. ఎప్పుడు కొత్త కోడిని తెచ్చినా మూడు వారాలు దొడ్డి అవతలి మూల విడిగా ఉంచు, దానికి మేత ఆఖరున వెయ్యి, చేతులూ కాళ్ళూ కడుక్కుని రా. చస్తే లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చు. జబ్బు చేసినదాన్ని ఎవరు ఎంతిస్తానన్నా అమ్మకు.

పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చిన తేదీ నాకు చెప్పు. ఎనిమిదో వారం ఎప్పుడు పడుతుందో గోడ క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంటాను. ఆ వారం రోజూ ఫోన్ చేస్తాను, విసుక్కోకు నాన్నా.

అమ్మమ్మ