వీధిలో బళ్ల వేగం తగ్గించడానికి ఒక్క స్పీడ్ బ్రేకర్ ఎందుకు చాలదు?

ఇళ్ల మధ్య వీధిలో బళ్లు దూసుకుపోతుంటే నగరపాలక సంస్థ ఏం చేస్తుంది, అర్జీ పెట్టగానే ఒక స్పీడ్ బ్రేకర్ ఎందుకు వేయదు అని అడిగారు. మీ భయం న్యాయమైనదే. డ్రైవరు మనిషిని చూసి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. పొడి రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సుమారు 18 మీటర్లలో ఆగుతుంది. 50తో వచ్చే కారు ఆ 18 మీటర్లు దాటేసరికి డ్రైవరు ఇంకా బ్రేకు మీద కాలే పెట్టి ఉండడు.

అర్జీ అందాక ముందు వేగం కొలుస్తారు. రోడ్డుకు అడ్డంగా రెండు రబ్బరు గొట్టాలు పరిచి, చక్రం ఒకదాన్నుంచి రెండోదానికి చేరే సమయాన్ని బట్టి వేగం లెక్కగడతారు. కనీసం వారం రోజులు ఉంచాలి. సెలవుల్లోనూ, కూడలి పక్కనా పెడితే ఆ లెక్క పనికిరాదు. వాళ్లు చూసేది సగటు కాదు. వంద బళ్లను నెమ్మదైన దాన్నుంచి వేగమైన దాని దాకా వరసలో నిలబెడితే 85వ బండి వేగమెంత అన్నదే అసలు అంకె. అది పరిమితిని ఎంత దాటితే పనులు మొదలుపెట్టాలో చాలా నగరాల్లో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆ హద్దు ఎంతో మొదటే అడిగి తెలుసుకోండి.

అర్జీకి ముందు మీరే కొలిచి చూడొచ్చు. టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు చివర్లా గుర్తు పెట్టండి. బండి ఆ దూరం దాటడానికి పట్టిన సెకన్లతో 180ని భాగిస్తే గంటకు కిలోమీటర్లలో వేగం వస్తుంది: 6 సెకన్లయితే 30, 3.6 అయితే 50. ఒకే చోట నిలబడి రెండు గుర్తులూ ఓరగా చూస్తే లెక్క తప్పుతుంది. రెండో గుర్తు దగ్గర ఇంకొకరు చెయ్యెత్తాలి. ముందు బండి వెనకే నెమ్మదిగా వచ్చేవాటిని వదిలేసి, దారి ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే వందింటిని రాసుకోండి. ఊరికే 'చాలా స్పీడ్' అని రాసిన అర్జీ కంటే ఈ కాగితానికి విలువెక్కువ.

'పిల్లలు ఆడుకుంటారు, నెమ్మదిగా వెళ్లండి' అనే బోర్డుతో పెద్దగా ఫలితం ఉండదు. వేగం అంకెలు చూపే ఎలక్ట్రానిక్ బోర్డు అక్కడ ఉన్నన్నాళ్లు పనిచేస్తుంది, తీసేస్తే పాత వేగమే తిరిగొస్తుంది. పోలీసు తనిఖీ కూడా అంతే. వేగం తగ్గించడానికని ప్రతి కూడలిలో 'ఆగుము' గుర్తు పెడితే ఇంకో చిక్కు: ఆగి పోగొట్టుకున్న సమయాన్ని మధ్యలో తొక్కి రాబట్టుకుంటారు.

ఇక స్పీడ్ బ్రేకర్ సంగతి. అడుగు వెడల్పుతో నిటారుగా పోసిన తారు దిమ్మను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. టూవీలర్లు పడతాయి, అంబులెన్సులో రోగి నలిగిపోతాడు. పైగా కొన్ని కార్లలో దాన్ని వేగంగా దాటితేనే కుదుపు తక్కువ. బాడీ కదిలేలోపే సస్పెన్షన్ దెబ్బను మింగేస్తుంది. కావలసింది బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల పొడవు, 75 నుంచి 100 మిల్లీమీటర్ల ఎత్తుతో విల్లులా వంగిన హంప్. దీన్ని 25–30 వేగంలో హాయిగా దాటొచ్చు, అంతకు మించితే కుదుపు తెలుస్తుంది. ఫైరింజన్లు తరచూ వెళ్లే దారైతే విడివిడి దిమ్మలుగా కుషన్లు వేస్తారు. పెద్ద బండి చక్రాలు వాటికి అటూ ఇటూ పడతాయి, కారు చక్రం మాత్రం ఎక్కక తప్పదు.

ఒక్కటి వేస్తే దాని దగ్గర మాత్రమే వేగం తగ్గుతుంది. అందుకే వరసగా, సుమారు వంద మీటర్లకొకటి ఉండాలి. ఎడం 150 దాటితే మధ్యలో వేగం మళ్లీ అందుకుంటారు. మొదటిది మలుపుకు దగ్గర్లో, బండి ఇంకా ఊపందుకోని చోట రావాలి. మలుపు వంపులోనూ, వాలు ఎక్కువున్న చోటా, మ్యాన్‌హోల్ మీదా వేయకూడదు. వాననీరు పోయే దారి కట్టేస్తే త్వరలోనే గుంట పడుతుంది. పాత తారు గీరకుండా పైన పోస్తే అంచులు లేచిపోతాయి. పని జరిగే రోజు చెక్క అచ్చుతో వంపు సరిచూడమని అడగండి, ఎక్కువ తప్పులు అక్కడే జరుగుతాయి. తెల్ల చారలు, ముందస్తు బోర్డు అదే రోజు పెట్టాలి. చీకట్లో కనపడని హంప్ ప్రాణం తీస్తుంది.

నా దృష్టిలో హంప్ కన్నా మేలైనది రోడ్డును సన్నబరచడం. కూడళ్ల దగ్గర ఫుట్‌పాత్‌ను ముందుకు జరిపితే దాటాల్సిన దూరం తగ్గుతుంది, మూల బిగుసుకుని బండి నెమ్మదిగా తిరుగుతుంది. ముందు రంగు గీతలు, వంగే ప్లాస్టిక్ స్తంభాలతో కొన్ని నెలలు పరీక్షించి, తర్వాత కాంక్రీటు పోయొచ్చు.

హంప్ పక్క ఇంటివారి ఒప్పుదల ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఖాళీ లారీ దాటినప్పుడల్లా వచ్చే చప్పుడు వాళ్లే భరించాలి. పని పూర్తయిన మూడు నెలలకు మళ్లీ కొలిపించండి, మీ వీధితో పాటు పక్క వీధిలో కూడా. బళ్లు అటు మళ్లి ఉంటే అక్కడి పిల్లలకు ప్రమాదం పెరిగినట్టే. అప్పుడు రెండు వీధులకూ కలిపి ఒకే అర్జీ పెట్టండి.