పొలం చేతులు మారే ముందు పెద్దల చోటు

బెంగళూరు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. సర్జాపుర రోడ్డు వైపున మనకు మిగిలిన మూడెకరాలను, బిల్డరు కట్టి మనకు వాటా ఇచ్చే జాయింట్ డెవలప్‌మెంటుకు ఇవ్వాలని నువ్వూ నీ తమ్ముడూ అనుకుంటున్నారనీ, బిల్డరు మిగతా అన్నిటికీ ఒప్పుకున్నా తూర్పు గట్టు మీది సమాధుల దగ్గర మాత్రం "వాటిని తీసేసి ఇవ్వండి" అంటున్నాడనీ, ఏం చెయ్యాలో తోచడం లేదనీ రాశావు. భూమి ఇవ్వవద్దని నేను చెప్పను. చుట్టూ పన్నెండేసి అంతస్తులు లేచాక నడుమ మన ఒక్కరి రాగి చేను నిలబెట్టుకోవడం ఎంత కష్టమో పదేళ్ళుగా చూస్తున్నాను. కాని సంతకం పెట్టే ముందు చెయ్యవలసిన పనులు కొన్ని ఉన్నాయి. వాటిని చేయించగలిగిన బలం మీ చేతిలో ఉండేది సంతకం పడేదాకానే కాబట్టి తొందరగా, వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, ఎవరు ఎక్కడ ఉన్నారో కాగితం మీద పెట్టాలి. గట్టు మీద నీకు కనిపించే కట్టడాలు ఆరు. ఆ మట్టిలో ఉన్నవారు తొమ్మిదిమంది. మీ తాతగారి సమాధికి ఎడమవైపు, కానుగ చెట్టు మొదట్లో, మోకాలెత్తు కూడా లేని ఒక రాయి పాతి ఉంటుంది. చిన్నప్పుడు మీరంతా దాని మీద కూర్చుని ఆడుకున్నారు. అక్కడ ఉన్నది మా అక్క. మూడేళ్ళ వయసులో అమ్మవారు పోసి పోయింది. పెద్దవారిని దహనం చేసే ఇళ్ళవారు కూడా పసిపిల్లలను పూడ్చిపెడతారు. ఆ చోట పేరు రాయరు, ఏటేటా తద్దినం పెట్టరు. అందువల్ల పిల్లల సమాధులు ఒక తరం దాటేసరికి మామూలు రాళ్ళయిపోతాయి. మా అమ్మ మాత్రం బతికినన్నాళ్ళూ మహాలయ అమావాస్యనాడు అందరూ భోజనాలకు కూర్చున్న తరువాత ఒక్కతే గట్టుకు వెళ్ళి, ఆ రాతి ముందు గుప్పెడు బొరుగులూ ఒక బెల్లంముక్కా పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి వచ్చేది.

రెండవ చోటు ఉత్తరపు అంచున ఉన్న రాళ్ళ కుప్ప. దాని నడుమ కలబంద మొలిచి ఉంటుంది; అది దానంతట మొలిచింది కాదు, నాటినది. మన బావి దగ్గర నలభై ఏళ్ళు ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోలిన పెద్దాయన అక్కడ ఉన్నాడు. ఆయన పోయినప్పుడు ఆయన కులంవారికి ఊళ్ళో స్మశానానికంటూ చోటు లేదు. చెరువు కట్ట కింద ఎక్కడైనా పూడ్చుకోమన్నారు. ఇంతకాలం మన చేనుకు నీళ్ళు పారించిన మనిషి మన గట్టు మీదే ఉంటాడని మా నాన్న పట్టుబట్టాడు. ఆ రోజు ఊరి పెద్దలలో కొందరు మా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోవడం నాకు బాగా గుర్తు. ఆయన మనుమలు ఇప్పటికీ ఊళ్ళోనే ఉన్నారు. బిల్డరుతో ఇంకొక మాట మాట్లాడే ముందు నువ్వే స్వయంగా వాళ్ళ ఇంటికి వెళ్ళి కూర్చుని, జరుగుతున్నది చెప్పి, వాళ్ళు ఏమంటారో విను. పొలం మనదే కావచ్చు, ఆ రాళ్ళ కుప్ప వాళ్ళది.

తొమ్మిదోవారు ఎవరో చెప్పగలిగినది మీ పెద్ద మేనత్త ఒక్కతే. ఆమెకు ఎనభై రెండేళ్ళు నిండాయి. కంటి చూపు తగ్గినా పొలంలో నిలబెడితే ఎవరు ఎక్కడో వేలుపెట్టి చూపిస్తుంది. కాబట్టి ఆమెను తీసుకువచ్చే రోజును వకీలును కలిసే రోజుకంటే ముందు పెట్టుకో. ఒక్కొక్క చోటా సున్నంతో గీత గీసి, టేపు పట్టి కొలిచి, పటం వెయ్యి. బావి నుంచి ఇన్ని అడుగులు, చింతచెట్టు నుంచి ఇన్ని అడుగులు అని రాసుకోవద్దు. బావి పూడ్చేస్తారు, చెట్టు కొట్టేస్తారు. సర్వే రాళ్ళలో ఏవైనా రెండు ఎంచుకుని, ప్రతి సమాధికీ ఆ రెండింటి నుంచీ ఎంత దూరమో రాసుకుంటే, పైన ఏది మారినా ఆ చోటును మళ్ళీ పట్టుకోవచ్చు.

ఇక భూమి సంగతి. ఎకరానికి నలభై గుంటలు. గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు, మొత్తం 1,089 చదరపు అడుగులు. తొమ్మిది సమాధులకూ, ఏటా వచ్చే మనవాళ్ళు నిలబడి దీపం పెట్టుకోవడానికీ రెండు గుంటలు సరిపోతాయి. మూడెకరాలంటే 120 గుంటలు. 118 గుంటలు ఇస్తున్నవాడివి రెండు గుంటలు ఉంచుకుంటానని చెప్పడానికి మొహమాటపడవద్దు. "మేమే పార్కులా కట్టి బాగా చూసుకుంటాం" అనే నోటిమాటకు మెత్తబడవద్దు. ముందుగా సర్వే చేయించి, పోడి చేయించి, అంటే ఆ ముక్కను రికార్డులో విడదీయించి, ఆ రెండు గుంటలకు వేరే హిస్సా నంబరు (సర్వే నంబరులో ఉపనంబరు), వేరే పహణి (భూమి రికార్డు) వచ్చేలా చూడు. ఒప్పందంలో షెడ్యూలు రాసేటప్పుడు హద్దులు చెప్పే చెక్కుబందీలో ఆ నంబరును మినహాయించినట్టు స్పష్టంగా ఉండాలి. దానికి రోడ్డు నుంచి దారి ఎటు, ఎన్ని అడుగుల వెడల్పు, అది ఎల్లకాలమూ మన కుటుంబానికీ ఆ పెద్దాయన కుటుంబానికీ ఉండే హక్కు అన్న మాట పత్రంలో ఒక వాక్యంగా ఉండాలి. లేఅవుట్ పటంలో గీతగా కూడా ఉండాలి. పత్రంలో ఉండి పటంలో లేని దారికి అడ్డంగా గోడ లేవడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇది నేను ఎవరో చెప్పగా విని రాస్తున్నది కాదు. 1996లో చెరువు వైపు మామిడితోట అమ్మినప్పుడు పత్రం రాయించింది నేనే. అందులో మా చిన్నతాత సమాధి ఉంది. కొన్నవారు మర్యాదస్థులు, "మీ పెద్దలు మా పెద్దలే, ఎప్పుడైనా రండి" అన్నారు, నిజంగానే ఆరేళ్ళు రానిచ్చారు. తరువాత వారు మరొకరికి అమ్మారు. ఆ కొత్తవారికీ మాకూ ఏ మాటా లేదు. ఆ ఏడు అమావాస్యకు వెళితే ఎనిమిది అడుగుల గోడ ఉంది, గేటు దగ్గర కాపలా మనిషి ఉన్నాడు. గోడ బయట రోడ్డు పక్కన విస్తరి వేసి, నీళ్ళు వదిలి వచ్చాం. మీ తాతమ్మ అప్పటికి నడవలేని స్థితిలో ఉంది. ఆటోలోనే కూర్చుని గోడ వైపు చేతులు జోడించింది. ఇప్పుడు ఆ చోట కార్లు నిలుపుతున్నారు. సమాధుల చోటులో అక్రమంగా చొరబడి మృతులను అవమానించడం మన శిక్షాస్మృతి ప్రకారం నేరమే. పాత చట్టంలో 297వ సెక్షన్‌గా ఉన్నది ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 301వ సెక్షన్ అయింది. కాని అక్కడ సమాధి ఉన్నదని చూపించే కాగితమే మన దగ్గర లేనప్పుడు ఏ సెక్షన్ పట్టుకుని ఎక్కడికి వెళ్ళగలం?

దారి గురించి ఇంతగా చెప్పడానికి ఇంకొక కారణం ఉంది. ఏటా చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరే కరగ ఊరేగింపు, కాటన్‌పేటలోని హజరత్ తవక్కల్ మస్తాన్ దర్గాకు వెళ్ళి వస్తుంది. నిన్ను భుజాన ఎక్కించుకుని ఒకసారి చూపించాను, నీకు గుర్తుండకపోవచ్చు. ఊరు ఎంత మారినా, వీధులు ఎంత ఇరుకైనా ఆ రాత్రి ఆ దారి తెరుచుకుంటుంది, ఎందుకంటే కరోనా ఏళ్ళలో ఆగినా ఆ నడకను వదిలిపెట్టలేదు. మనకు అంత జనబలం లేదు కనుక పత్రం కావాలి. పత్రం ఉన్నా, ఏడాదికి ఒక్కసారైనా ఆ దారిన నడవకపోతే అది పూడిపోతుంది.

ఒకవేళ ఎంత ప్రయత్నించినా ఆ చోటు నిలవకపోతే ఏం చెయ్యాలని కూడా అడిగావు. అధికారుల రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఎవరి సమాధినీ తవ్వనివ్వవద్దు. జేసీబీని గట్టు దగ్గరకే రానివ్వవద్దు. నా అభిప్రాయం అడిగితే, అనుమతి వచ్చినా ఎముకల కోసం వెతకవద్దనే అంటాను. అరవై, డెబ్బై ఏళ్ళ కిందట మట్టిలో కలిసినవారిని మళ్ళీ కెలకడం ఎందుకు? ఒక్కొక్క చోట నుంచి పిడికెడు మట్టి వేరువేరు ముంతలలో తీసి, పేరు చెప్పుకుంటూ కొత్త చోట పెట్టి పైన రాయి నిలపవచ్చు. లేదా శ్రీరంగపట్నం దగ్గర కావేరి పడమటికి మళ్ళే పశ్చిమవాహినిలో కలపవచ్చు; 1948లో గాంధీగారి చితాభస్మంలో కొంత కలిపిన రేవు అదే. అది ఆఖరి మార్గం మాత్రమే. బిల్డరుకు ఈ మాట ముందుగా చెప్పవద్దు.

గట్టు చివర వేపచెట్టు కింద ఉన్న నిలువు రాయి గురించి నువ్వు ఏమీ రాయలేదు. ఆడవాళ్ళు పసుపు రాసి, వీరన్న అని మొక్కే ఆ రాయి వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి కోసం నిలిపిన రాయి. దగ్గరగా చూస్తే మూడు అంతస్తులుగా చెక్కి ఉంటుంది: కింద కత్తి పట్టి పోరాడుతున్న మనిషి, నడుమ అతనిని ఇరువైపులా పట్టుకుని స్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం ముందు కూర్చున్న అదే మనిషి, అన్నిటికీ పైన సూర్యచంద్రులు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఇతని పేరు ఉండాలని దాని అర్థం. మనకు దగ్గరలోనే ఉన్న బేగూరులో సుమారు 890 నాటి వీరగల్లు శాసనంలో బెంగళూరు కాళగం, అంటే బెంగళూరు యుద్ధం, ప్రస్తావన ఉంది. ఇంత మహానగరం పేరు అంత పాతదని మనకు తెలిసింది ఒక చనిపోయిన మనిషి కోసం నిలిపిన రాతి వల్ల. హెబ్బాళలో 2018లో మురికికాలువ పనులకు తవ్వుతుంటే బయటపడిన కిట్టయ్య వీరగల్లు సుమారు 750 నాటిదని పండితులు తేల్చారు. దానిని చూసి గుర్తుపట్టిన మనిషి ఆ సమయానికి అక్కడ లేకపోతే అది మట్టితోపాటు లారీ ఎక్కి ఉండేది.

మన రాతికి నేను చేసిన హాని ఒకటి ఉంది. నీ తండ్రి పెళ్ళి ఏడు, పండుగకు అందంగా ఉంటుందని, దానికి ఎర్ర ఎనామెల్ పూయించాను. పై పట్టీకీ నడిమి పట్టీకీ మధ్య అంతకుముందు వేలికి తగిలే గాట్లు ఉండేవి; అవి అక్షరాలని అప్పుడు తెలియలేదు, ఇప్పుడు రంగు కింద ఉన్నాయి. ఆ రంగును ఆసిడ్‌తో గాని, ఇసుక కొట్టించి గాని నువ్వు తీయించవద్దు. తెలిసినవారు వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వవద్దు. సాయంత్రం ఎండ పక్కవాటుగా పడేటప్పుడు, లేదా చీకటిలో టార్చి పక్క నుంచి పట్టి ఫోటోలు తీస్తే గాట్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ ఫోటోలు నృపతుంగ రోడ్డులోని మిథిక్ సొసైటీకి పంపించు. బెంగళూరు చుట్టుపక్కల శాసనాలను త్రీడీలో స్కాన్ చేసి భద్రపరుస్తున్నది వారే. నూరేళ్ళు దాటిన శిల్పం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. కాబట్టి గార్డెన్ అలంకారానికి ఇవ్వమని బిల్డరు అడిగినా, ఎవరైనా ధర చెప్పినా, సమాధానం ఒక్కటే.

సమాధులను తిరిగి కట్టించాలని అనుకుంటే పెద్ద ఆర్భాటం అక్కరలేదు. పాలరాతి పలకలు, ఫోటో ముద్రించిన టైల్స్ వద్దు. మీ నాయనమ్మ సమాధి మీది ఫోటో అయిదేళ్ళకే వెలిసిపోయింది. సాదరహళ్ళి బూడిదరంగు రాయి చాలు. నున్నగా మెరుగు పెట్టి, పైపైన గీసి బంగారు రంగు నింపే అక్షరాలు కాకుండా, వేలు పెడితే లోతు తెలిసేలా ఉలితో చెక్కించు. ఒకవైపు తెలుగులో, మరోవైపు కన్నడంలో రాయించు. మన ఇంట్లో మాట తెలుగే అయినా నీ పిల్లలు బడిలో చదువుకుంటున్నది కన్నడ అక్షరాలు. రాతి మీది పేరును వాళ్ళు చదవగలగాలి. మాగడి తాలూకా కెంపాపురలో, బెంగళూరును కట్టించిన కెంపేగౌడ సమాధి ఎన్నో ఏళ్ళు ఊరి మధ్యనే ఉంది, 2015లో దాని మీది రాత చదివినవారు చెప్పేదాకా అది ఎవరిదో లోకానికి తెలియలేదు. ఆడవారి సమాధి మీద ఫలానావారి భార్య అని మాత్రమే రాసి వదిలే అలవాటు మనది, అది మానెయ్యి. ఆమె పేరు, పుట్టిన ఊరు ముందు ఉండాలి. ఇంగ్లీషు తేదీతోపాటు మాసం, పక్షం, తిథి కూడా చెక్కిస్తే తద్దినం ఎప్పుడని రేపు ఎవరూ వెతుక్కోనక్కరలేదు. చెక్కే ముందు బొగ్గుతో రాసిన అక్షరాలను నువ్వే చదివి సరిచూడు. మీ తాతగారి పేరులో వత్తు ఒకటి తప్పుపోయి యాభై ఏళ్ళుగా అలాగే ఉంది.

మహాలయ అమావాస్యకు కర్ణాటక ప్రభుత్వం సెలవు ఇస్తుంది, మీ ఆఫీసు ఇవ్వదని తెలుసు. ఆ ఒక్క రోజు సెలవు పెట్టు. వెల్ల వేయడం కూలికి ఇవ్వకుండా పిల్లల చేత వేయించు. చేతికి సున్నం అంటితే ఎవరి సమాధో అడుగుతారు. 

వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి గట్టు దగ్గర ఉంటాను. మేనత్తను నీ కారులో తీసుకురా, కూర్చోవడానికి ఒక కుర్చీ కూడా వేసుకురా. యాభై అడుగుల టేపు, అయిదు కిలోల సున్నం, గీతల నోటుపుస్తకం చాలు. పెద్దాయన మనుమలకు నేను చెప్పి ఉంచుతాను, కాని పిలవవలసినది నువ్వు. కానుగ చెట్టు మొదట్లో ఉన్న మా అక్క పేరు నీకు ఎవరూ చెప్పి ఉండరు, నీ తండ్రికి కూడా తెలియదు. అది నీకు అక్కడే చెబుతాను. రాతి మీద మొదట దానినే చెక్కించు.

ఇట్లు,
నీ పెదనాన్న