కార్డు యాభై వేలది, ఎస్‌ఎంపీఎస్ కేబినెట్‌తో ఊరికే వచ్చింది... సరిపోతుందా?

ప్రశ్న: సార్, నా సిస్టమ్ కోర్ ఐ5-12400ఎఫ్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650. డాలస్‌లో ఉండే మా బావ సంక్రాంతికి వస్తూ ఆర్‌టీఎక్స్ 5070 గ్రాఫిక్స్ కార్డు తెస్తానన్నాడు. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా) మాత్రం కేబినెట్‌తో పాటు వచ్చిన 450 వాట్లదే. షాపతను 850 పెట్టకపోతే కార్డు కాలిపోతుందంటున్నాడు, మా ఫ్రెండేమో 500 చాలంటున్నాడు. పెద్దది పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందని ఇంట్లో నాన్న గొడవ. 600 వీఏ యూపీఎస్ కూడా ఉంది. ఏం కొనమంటారు?
– బీటెక్ విద్యార్థి, తెనాలి

జవాబు: ముందు ఆ 450 సంగతి తేల్చేద్దాం. కేబినెట్ పక్క తలుపు తీసి ఎస్‌ఎంపీఎస్ మీద అంటించిన స్టిక్కర్ చూడండి. అందులో 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు అని గడులు ఉంటాయి, ఒక్కోదాని కింద ఆంపియర్లు వేసి ఉంటాయి. మీకు కావాల్సింది 12 వోల్టుల గడి ఒక్కటే, ఎందుకంటే గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ తినేది అక్కడి నుంచే. ఆ ఆంపియర్లను 12తో గుణించండి. కేబినెట్‌తో ఉచితంగా వచ్చే సరుకులో అక్కడ 20 ఆంపియర్లు ఉందనుకోండి, అంటే 240 వాట్లు, అంతే. మిగతాదంతా ఇప్పుడు పెద్దగా పనిలేని 3.3, 5 వోల్టుల లెక్కలు కలిపి పెట్టె మీద 450 అని అచ్చేసిన అంకె. మంచి 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద 12 వోల్టుల దగ్గర 54 ఆంపియర్లు కనిపిస్తాయి, గుణిస్తే 648 వస్తుంది. చెప్పిన మాటకీ లోపలున్న సరుకుకీ పొంతన ఉందో లేదో ఈ ఒక్క గుణకారంతో తెలిసిపోతుంది, షాపులో నిలబడి ఫోన్ క్యాలిక్యులేటర్‌తోనే చేసుకోవచ్చు.

ఇప్పుడు మీ సిస్టమ్ లెక్క. ఆర్‌టీఎక్స్ 5070కి ఎన్‌విడియా చెప్పే పవర్ 250 వాట్లు. 12400ఎఫ్ మామూలుగా 65 వాట్ల ప్రాసెసరే గానీ పూర్తిగా దంచితే 117 దాకా వెళ్తుంది. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఓ 50, 60 వేసుకుందాం. అన్నీ ఒకేసారి పీక్‌లో ఉన్నా 430 దాటదు, గేమ్ ఆడేటప్పుడైతే ప్రాసెసర్ అంత తినదు కాబట్టి 350 ప్రాంతంలో ఉంటుంది. మరి మీ ఫ్రెండ్ చెప్పిన 500 చాలు కదా అంటే... చాలదు అని కాదు గానీ నేనైతే వద్దంటాను. ఈ తరం కార్డులు తీసుకునే కరెంటు ఒక్కతీరుగా ఉండదు, సెకనులో వెయ్యో వంతు కూడా లేని సమయంలో ఒక్కసారి పైకి ఎగిరి మళ్లీ దిగిపోతుంది. ఆ ఎగురుడుని తట్టుకోలేని ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి టప్పున ఆగిపోతుంది. గేమ్ మధ్యలో బ్లూ స్క్రీన్ కూడా రాకుండా మొత్తం సిస్టమ్ ఆరిపోయిందంటే నేను మొదట అనుమానించేది దాన్నే. గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తే మాత్రం ముందు డ్రైవర్లు చూసుకోండి. 2022లో వచ్చిన, ఎస్‌ఎంపీఎస్‌లు ఎలా ఉండాలో చెప్పే ఏటీఎక్స్ 3.0 స్టాండర్డ్ ఈ ఎగురుళ్ల కోసమే కొత్త షరతులు పెట్టింది, దాని ప్రకారం చేసిన ఎస్‌ఎంపీఎస్ రేటింగ్‌కి రెట్టింపు లోడ్‌ను 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలి. ఆ తర్వాత 3.1 కూడా వచ్చింది. పెట్టె మీద ఈ రెండింటిలో ఏది ఉన్నా తీసుకోండి.

కాబట్టి ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 ఉన్న మంచి కంపెనీ 650 వాట్లది మీకు హాయిగా సరిపోతుంది. ఎన్‌విడియా కూడా ఈ కార్డుకి 650 అనే చెప్తుంది. రెండు మూడేళ్లలో ఇంకా పెద్ద కార్డు వేసే ఆలోచన ఉంటే 750కి వెళ్లండి, ధరలో తేడా మరీ ఎక్కువ ఉండదు. 850 వద్దని కాదు, పెడితే నష్టమేం లేదు, కాకపోతే "లేకపోతే కార్డు కాలిపోతుంది" అన్న మాట మాత్రం నిఖార్సయిన భయపెట్టుడు బేరం. ఊరూ పేరూ లేని 850 కన్నా అయిదేళ్లు, ఏడేళ్లు వారంటీ ఇచ్చే 650 ఎప్పుడూ మేలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, అక్కడికి వెళ్లినా అంతే, వాట్లు అడిగి ఊరుకోకుండా వారంటీ ఎన్నేళ్లో, సర్వీస్ సెంటర్ ఎక్కడో అడగండి.

బిల్లు గురించి నాన్నగారికి ఇలా చెప్పండి. పెద్ద ఎస్‌ఎంపీఎస్ పెట్టినంత మాత్రాన అది ఎక్కువ కరెంటు లాగదు, లోపలి సామాను అడిగినంతే లాగుతుంది, దారిలో కొంత వేడిగా పోతుంది. ఆ పోయేది ఎంతో చెప్పేదే 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ గొడవంతా. సగం లోడ్ దగ్గర, అదీ 115 వోల్టుల పరీక్షలో, గోడ నుంచి లాగినదాంట్లో బ్రాంజ్ అయితే కనీసం 85 శాతం, గోల్డ్ అయితే 90 శాతం లోపలి సామానుకి చేరాలి. మీ 350 వాట్లకి గోడ నుంచి బ్రాంజ్ అయితే 412, గోల్డ్ అయితే 389 లాగుతుంది. రోజూ నాలుగు గంటలు ఆడినా నెలకు తేడా మూడు యూనిట్ల లోపే. అంటే గోల్డ్‌కి పెట్టిన అదనపు డబ్బు బిల్లులో తిరిగి రాదు. గోల్డ్ వాటిలో సాధారణంగా లోపలి భాగాలు మెరుగ్గా ఉంటాయి, వారంటీ ఎక్కువ ఇస్తారు, నచ్చితే అందుకు కొనండి. అసలు బిల్లు పెరిగేది 75 వాట్ల కార్డు తీసి 250 వాట్లది పెడుతున్నందుకు, ఆ సంగతి నాన్నగారికి చెప్పాలో వద్దో మీ ఇష్టం!

యూపీఎస్ దగ్గర మాత్రం నిజంగా ఇబ్బందే. 600 వీఏ యూపీఎస్ మామూలుగా ఇచ్చేది 360 వాట్లు. మీరు గేమ్‌లో ఉండగా కరెంటు పోతే 400 పైన లోడ్ ఒక్కసారిగా దాని మీద పడుతుంది, అది కుయ్యిమని అరిచి చేతులెత్తేస్తుంది. 1000 లేదా 1100 వీఏ చూడండి, దాని మీద 600 వాట్లు అని ఉందో లేదో చదువుకోండి. ఇంటి ఇన్వర్టర్ మీద పెడదామంటే, స్క్వేర్ వేవ్ (మామూలు కరెంటులా నున్నగా కాకుండా మెట్లు మెట్లుగా కరెంటు ఇచ్చే) ఇన్వర్టర్‌తో ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని సరిగా కలవవు. కరెంటు పోయినప్పుడు ఎస్‌ఎంపీఎస్ సొంతంగా నిలబడేది ఓ 16, 17 మిల్లీసెకన్లే, ఇన్వర్టర్ అంతలోపు అందుకోకపోతే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. మీ ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ (మామూలు కరెంటులాంటిదే ఇచ్చేది) అయి ఉండి, యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే ఆ మోడ్‌లో పెట్టండి.

బావగారితో కార్డు ఒక్కటే తెప్పించుకోండి, ఎస్‌ఎంపీఎస్ ఇక్కడే కొనండి. బరువు ఒక కారణం, వారంటీ అసలు కారణం. కార్డు విషయంలో కూడా అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో కొనకముందే ఆ కంపెనీని అడగమనండి. 5070కి 16 పిన్నుల కనెక్టర్ ఉంటుంది, కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో నేరుగా ఆ కేబుల్ వస్తుంది. అడాప్టర్ వాడాల్సి వస్తే దాని రెండు 8 పిన్నులకీ ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు లాగండి, ఒకే కేబుల్ చివర రెండు తలలు ఉన్నాయి కదా అని రెండూ గుచ్చేయకండి. గుచ్చేటప్పుడు చివరిదాకా వెళ్లాలి, సందు కనబడకూడదు. టెన్షన్‌తో సగం గుచ్చి వదిలేసేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: నా మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడదీసుకునే) ఎస్‌ఎంపీఎస్ పోయింది. కేబుళ్లన్నీ కేబినెట్ వెనక నీట్‌గా సర్ది ఉన్నాయి. వాటిని అలాగే ఉంచి కొత్త డబ్బా ఒక్కటే మార్చుకోవచ్చా?
– వరంగల్

జవాబు: వద్దు. ఎంత విసుగైనా పాతవన్నీ పీకి, కొత్తదానితో వచ్చినవే వేయండి. మదర్‌బోర్డు వైపు పిన్నులకు స్టాండర్డ్ ఉంది, ఎస్‌ఎంపీఎస్ వైపు లేదు. ఒకే కంపెనీ రెండు మోడళ్లలోనే వరస మారిపోవచ్చు. ప్లగ్ చక్కగా దిగుతుంది, 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తాయి, హార్డ్ డిస్కూ, అందులోని ఫోటోలూ పోతాయి.

ప్రశ్న: కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది, టెస్టర్ పెడితే లైటు వెలుగుతోంది. ఎస్‌ఎంపీఎస్ మార్చాలంటున్నారు. నిజమేనా?
– గృహిణి, అనంతపురం

జవాబు: మార్చే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ప్లగ్ పాయింట్‌లో ఎర్తింగ్ ఉందో లేదో చూపించండమ్మా. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు రొదను వడకట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి, అవి కొంచెం కరెంటును బాడీ మీదకు వదులుతాయి. అది ఎర్త్ తీగ గుండా భూమిలోకి పోవాలి. తీగే లేకపోతే బాడీ మీద సుమారు సగం వోల్టేజీ నిలబడి ఉంటుంది, ముట్టుకున్నవాళ్లకి జిల్లుమంటుంది. ఈ పరిస్థితిలో ఎస్‌ఎంపీఎస్ మార్చినా కొత్తదీ అలాగే జిల్లుమంటుంది. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సుకి గుచ్చి ఉంటే ముందు దాన్ని తీసేయండి. ఎర్త్ బాగానే ఉన్నా ఇంకా కొడుతుంటే అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించాలి, అంతవరకూ పిల్లల్ని ఆ సిస్టమ్ దగ్గరికి పోనివ్వకండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో డెల్ ఆప్టిప్లెక్స్ 7050 టవర్ కొన్నాను. గేమింగ్ కార్డు వేయాలి. ఎస్‌ఎంపీఎస్ 240 వాట్లే. 550 వాట్లది కొని పెట్టేస్తే అయిపోతుందా?
– కాకినాడ

జవాబు: అంత సులువు కాదు. ఆ మదర్‌బోర్డుకి మామూలు 24 పిన్నుల ప్లగ్ ఉండదు, డెల్ సొంత ప్లగ్ ఉంటుంది. బయట ఎస్‌ఎంపీఎస్ పెట్టాలంటే కన్వర్టర్ కేబుల్ కావాలి, పైగా సైజూ, స్క్రూ రంధ్రాలూ కలవకపోవచ్చు. అన్ని తిప్పలు పడే కన్నా ఉన్న 240 వాట్లతోనే నడిచే కార్డు చూసుకోవడం నయం. మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఒక్కటే 75 వాట్ల దాకా ఇస్తుంది కాబట్టి విడిగా పవర్ కేబుల్ అడగని కార్డు కావాలి. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ 70 వాట్లది, మీకు అదే నా సలహా. అదే పేరుతో ఉన్న 8 జీబీది 130 వాట్లు, పొరపాటున అది తెచ్చుకుంటే మీ ఎస్‌ఎంపీఎస్‌లో దానికి పెట్టడానికి కేబులే ఉండదు. జీటీఎక్స్ 1650 సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికినా ఫర్వాలేదు, కాకపోతే కొన్నింటికి 6 పిన్నుల సాకెట్ ఉంటుంది, కొనే ముందు కార్డు పై అంచున చూసుకోండి. ఆర్ఎక్స్ 6400 కూడా 53 వాట్లే గానీ అది నాలుగు లేన్ల (డేటా వెళ్లే దారులు నాలుగే ఉన్న) కార్డు, మీ పాత మూడో తరం స్లాట్‌లో వేగం తగ్గుతుంది, కాబట్టి నేనైతే చెప్పను.