దీవి అడవుల్లో గైడుతో జలపాతాల నడక: బూట్లు, జలగలు, ఈత, వీటికంటే ముందు వాగు

ఉష్ణమండల దీవిలో గైడుతో ఆరు గంటల అడవి నడక, దారిలో రెండు జలపాతాలు. రోజూ నడిచే అలవాటుంది గానీ కొండదారులు కొత్త. ఎలాంటి బూట్లు వేసుకోవాలి, జలగలకి ఏం చెయ్యాలి, జలపాతం కింద ఈదొచ్చా అన్నది మీ ప్రశ్న. మూడింటికీ చెప్తాను గానీ, మీరు అడగని దానితో మొదలుపెట్టాలి.

జలగలు చిరాకు పెడతాయి, బురద ఒళ్ళు హూనం చేస్తుంది. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం వాగు. దీవుల్లో కొండలు సముద్రాన్ని ఆనుకునే లేస్తాయి కాబట్టి వాగులు పొట్టివి, ఏటవాలుగా దూకుతూ దిగేవి. శిఖరం మీద కురిసిన వాన నిమిషాల్లో కిందికి వచ్చేస్తుంది. మీ నెత్తిన ఎండ కాస్తూనే ఉంటుంది, వాగు మాత్రం పొంగుతుంది. హవాయిలోని కవాయ్ దీవి ఉత్తర తీరాన, వైపా అనే చోట, 2018 ఏప్రిల్ 14, 15 తేదీల్లో 24 గంటల్లో 1262 మిల్లీమీటర్ల వాన పడింది. అమెరికాలో ఒక్కరోజు వానకి అదే రికార్డు. కొండచరియలు విరిగి రోడ్డు మూసుకుపోయి, ఆ తీరంలోనే ఉన్న హనకాపియాయ్ జలపాతం దారిని ఏడాదికి పైగా తెరవలేదు. అంత వాన అరుదే. కానీ మోకాలి లోతు వాగును దాటలేనిదిగా మార్చడానికి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు.

కొత్తనీరు వచ్చే ముందు గుర్తులు కనిపిస్తాయి. తేటగా ఉన్న నీళ్ళు మట్టిరంగు తిరుగుతాయి. ఆకులు, పుల్లలు గుంపులుగా కొట్టుకొస్తాయి. హోరు బరువెక్కుతుంది. ఇందాక పొడిగా కనిపించిన రాయి అంచు తడుస్తుంది. వాగు పక్కన ఆగిన ప్రతిసారీ ఒక రాయిని గుర్తు పెట్టుకుని, లేచేటప్పుడు మళ్ళీ దాన్ని చూడండి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గట్టు ఎక్కెయ్యాలి, ఫొటో కోసం కూడా ఆగకూడదు. అవతలి గట్టున చిక్కుకుపోతే అక్కడే ఎత్తులో కూర్చుని ఎదురుచూడటమే సరైన పని. చిన్న వాగు ఎంత వేగంగా పొంగుతుందో చాలాసార్లు అంతే వేగంగా తగ్గుతుంది. చీకటి పడిపోతోందన్న కంగారులో దిగినవాళ్ళే ఎక్కువగా కొట్టుకుపోతారు.

అందుకే పొద్దున్నే బయల్దేరమంటాను. ఎండెక్కే కొద్దీ నేల వేడెక్కి, సముద్రం మీది తేమగాలి కొండ వాలు ఎక్కి, మధ్యాహ్నానికి మబ్బు కట్టి కురుస్తుంది. గాలి ఎదురుగా తగిలే వైపు ఏ వేళైనా కురవొచ్చు, అది వేరే సంగతి. ఆరు, ఏడు గంటల మధ్య నడక మొదలైతే, వాగులు దాటడం అయిపోయాకే వాన పడే అవకాశం ఎక్కువ. ఇంకో కారణం చీకటి. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిలువుగా దిగుతాడు, అస్తమించాక సంజ వెలుగు పాతిక నిమిషాలు కూడా ఉండదు. చెట్ల గుబురు కిందైతే అంతకు చాలా ముందే అడుగు తీసి అడుగు వెయ్యడం కష్టమవుతుంది. పది గంటలకు బయల్దేరదాం అనే గైడు మీ నిద్ర గురించి ఆలోచిస్తున్నాడే తప్ప అడవి గురించి కాదు.

ఇక గైడుని అడగాల్సినవి. ఎంత దూరం అని అడిగితే సరిపోదు. మొత్తం ఎంత ఎత్తు ఎక్కాలి, వాగు ఎన్నిసార్లు దాటాలి, ఎన్ని గంటలకల్లా ఎక్కడున్నా వెనక్కి తిరిగేస్తారు అని అడగండి. చివరి ప్రశ్నకు తడుముకోకుండా గడియారం చూపించి చెప్పేవాడే మీకు కావాలి. వాన వల్ల సగంలో తిరిగొస్తే డబ్బు సంగతేమిటో ముందే తేల్చుకోవాలి. తిరిగొస్తే సంపాదన పోతుందనుకునే గైడు ముందుకే లాగుతాడు, అది మానవ నైజం. ఆరేడుగురు దాటిన గుంపుకి ముందొకడు, వెనకొకడు ఇద్దరుండాలి. లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి శాటిలైట్ ఫోన్ ఉందా, లేకపోతే సాయానికి ఎవరు ఎంతసేపట్లో వస్తారో తెలుసుకోండి. 'రెండు గంటల దారి' అంటే అది ఆయన కాళ్ళకి రెండు గంటలు. బురద, వేళ్ళు, వాలు కలిసిన అడవిలో కొత్తవాళ్ళు గంటకి కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్లు నడిస్తే బాగా నడిచినట్టే. మరో మెలిక: చాలా జలపాతాలు లోయ అడుగున ఉంటాయి. పోయేటప్పుడు దిగుడు, హాయిగా ఉంటుంది. అలసిపోయి, తడిసిపోయి, ఎండ ముదిరాక తిరుగుదారంతా ఎక్కుడు. సగం ఓపిక అందుకోసం దాచుకోవాలి.

వాగు దాటేటప్పుడు మొదటి పని దిగువన ఏముందో చూడటం. దిగువన జలపాతం అంచు, పడిన చెట్టు, రాళ్ళ మధ్య ఇరుకు ఉంటే అక్కడ దిగొద్దు, నీళ్ళు ఎంత లోతు తక్కువగా కనిపించినా సరే. వాగు వెడల్పుగా పరుచుకున్న చోటే లోతు, వేగం రెండూ తక్కువ. ఒక పుల్ల నీళ్ళలో వేసి చూడండి. అది మీ నడక కంటే వేగంగా పోతూ, లోతు మోకాలు దాటితే దాటకండి. ప్రవాహం వేగం రెట్టింపైతే కాలి మీద తోపు నాలుగింతలవుతుంది, చూపుకి ఆ తేడా అందదు. బూట్లు విప్పకూడదు. సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ ముందే విప్పెయ్యాలి. పడితే సంచిని వదిలించుకోగలగాలి. ముఖం ఎగువకి తిప్పి, ఊతకర్రని ఎదురుగా ఆనించి, అడ్డంగా చిన్న చిన్న అడుగులు వెయ్యాలి. కర్ర, రెండు కాళ్ళు, ఈ మూడింటిలో ఒకసారి ఒక్కటే కదలాలి. గైడు తాడు కడితే చేత్తో పట్టుకోవచ్చు గానీ ఒంటికి కట్టుకోకూడదు. పడ్డప్పుడు అదే మిమ్మల్ని నీళ్ళ కింద పట్టి ఉంచుతుంది. కొట్టుకుపోతే వెల్లకిలా తిరిగి పాదాలు దిగువకి, పైకి తేల్చి పెట్టండి. నిలబడాలని తొందరపడితే పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటుంది, అప్పుడు మోకాలి లోతులో కూడా మునిగిపోతారు.

బూట్ల దగ్గరికి వస్తే, నీళ్ళు చొరని ఖరీదైన తోలు బూట్లు ఇక్కడ పనికిరావు. పైనుంచి ఒక్కసారి నీళ్ళు దూరాక అవి బయటికి పోవు, రోజంతా పాదం నాని బొబ్బలెక్కుతుంది. నీళ్ళు కారిపోయే వల గుడ్డ, మెత్తని రబ్బరు అడుగు, నాలుగైదు మిల్లీమీటర్ల లోతున్న పళ్ళు ఉన్న ట్రెయిల్ షూ చాలు. ఆగ్నేయాసియాలోని బోర్నియో దీవిలో చాలామంది గైడ్లు 'అడిడాస్ కంపుంగ్' అని ముద్దుగా పిలుచుకునే చవక రబ్బరు బూట్లతోనే తిరుగుతారు. అచ్చంగా ఒకే ముక్క రబ్బరు, నీళ్ళు తాగదు, బురదలో పట్టు బాగుంటుంది. పాదం అలవాటు పడనివాళ్ళకి మాత్రం అడుగు పలచగా తగులుతుంది. కొత్త బూట్లతో నేరుగా అడవికి పోకండి. కాలిగోళ్ళు రెండు రోజుల ముందే కత్తిరించుకోవాలి, లేకపోతే దిగుళ్ళలో బొటనవేలి గోరు నల్లబడుతుంది. మేజోళ్ళు నూలువి వద్దు, ఊలు గానీ సింథటిక్‌వి గానీ వేసుకోండి. జీన్సు ప్యాంటు తడిస్తే బరువు, ఒరుపు. తొడలు ఒరుసుకునే చోట ముందే వాసెలిన్ రాయండి.

ఎంత మంచి బూటైనా నాచు పట్టిన నున్నటి బండ మీద, తోలు ఊడిన తడి వేరు మీద నిలవదు. వేళ్ళ మీద కాలు మోపకుండా వాటి మధ్య మట్టిలో వెయ్యాలి, లేదా దాటెయ్యాలి. పడిన దుంగ మీదికి ఎక్కి దిగడం కంటే అటూ ఇటూ కాళ్ళు వేసి దాటడం మేలు. జారినప్పుడు చెయ్యి దొరికిన కొమ్మను పట్టుకుంటుంది, ఆసియా దీవుల్లో అది పేము కావచ్చు. దాని ముళ్ళు కొక్కేల్లా వెనక్కి తిరిగి ఉంటాయి. చొక్కాకి తగులుకుంటే ముందుకి లాగొద్దు, ఒక అడుగు వెనక్కి వేస్తే దానంతటదే వదులుతుంది. తోటపనికి వాడే పలచని చేతి తొడుగులు ఒక జత పెట్టుకుంటే ఈ బాధ సగం తీరుతుంది. ఆగి కూర్చునే ముందు పైకి చూడండి: ఎండిపోయిన చెట్టు కింద, వేలాడే ఎండు కొమ్మ కింద విశ్రాంతి వద్దు. వానకి నానిన కొమ్మలు గాలి లేకపోయినా విరిగిపడతాయి.

జలగలు మీరు అనుకున్నంత పెద్ద సమస్య కాదు. అన్ని దీవుల్లోనూ ఉండవు కూడా. ఉన్నచోట గట్టి నేతతో మోకాలి దాకా వచ్చే జలగ మేజోళ్ళు దొరుకుతాయి. ప్యాంటుని వాటిలోకి దోపాలి, చొక్కాని ప్యాంటులోకి దోపాలి. బోర్నియోలో పులిజలగ అనే చారల రకం ఆకుల మీద కాచుకుని నడుముకీ మెడకీ కూడా పట్టుకుంటుంది, కాబట్టి మెడకి రుమాలు కట్టుకోండి. పట్టుకున్నదాన్ని ఉప్పుతోనో నిప్పుతోనో వదిలించొద్దు. అది కడుపులోది గాయంలోకి కక్కుతుంది. సన్నగా ఉన్న కొస దాని నోటివైపు. చర్మానికి ఆనించి గోరుతో అక్కడ పక్కకి గీస్తే పట్టు పోతుంది, తర్వాత రెండో కొసని అలాగే తీసి విసిరెయ్యండి. దాని ఉమ్మిలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది కాబట్టి గంటలకొద్దీ కారుతుంది. కడిగి, నొక్కి పట్టి, పట్టీ వేస్తే చాలు. దోమలకి డీట్ గానీ పికారిడిన్ గానీ 20 శాతం ఉన్న మందు రాయండి. ఎండ క్రీము ముందు, దోమల మందు తర్వాత. డీట్ తగిలితే ప్లాస్టిక్ గడియారాలు, కళ్ళజోళ్ళు పాడవుతాయి. మడుగులోకి దిగే ముందు రెండూ తుడిచెయ్యడం ఆ నీళ్ళలో బతికే కప్పలకీ చేపలకీ మంచిది.

ఉక్కపోతలో చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. ఆరు గంటలకి మూడు లీటర్ల నీళ్ళు తప్పనిసరి, గంటకి అర లీటరు లెక్కన. దాహం తీరలేదని గంటకి లీటరున్నర తాగేస్తే రక్తంలో ఉప్పు పలచబడి అదో ప్రమాదం. అందుకే ఒక లీటరులో ఓఆర్‌ఎస్ పొట్లం కలిపి ఉంచుకోండి, ఏదైనా ఉప్పగా ఉండే తిండి తీసుకెళ్ళండి. తలనొప్పి, వికారం, పిక్కలు పట్టెయ్యడం వస్తే నీడలో కూర్చోబెట్టి తడపాలి. మాట తడబడటం, ఎక్కడున్నారో తెలియకపోవడం మొదలైతే అది వడదెబ్బ. ఆ మనిషిని వెంటనే లోతు లేని, ఒడ్డు పక్క నీళ్ళలో పడుకోబెట్టి, తల పైకి పట్టుకుని చల్లబరుస్తూ సాయం పిలవాలి.

సంచిలో ఇంకా: మూత మడిచి బిగించే పది లీటర్ల వాటర్‌ప్రూఫ్ సంచి, అందులో పొడి చొక్కా, తల లైటు, ఈల, పట్టీలు. రెయిన్‌కోటు నడిచేటప్పుడు లోపల చెమటతోనే తడుస్తుంది, జలపాతం తుంపరలో చలేసినప్పుడు మాత్రం అదే కాపాడుతుంది.

ఇప్పుడు ఈత. దిగొచ్చు, కానీ ధార కిందికి కాదు. నీళ్ళు పడే చోట గాలి బుడగలు నిండి ఉంటాయి, ఆ తెల్లటి నీళ్ళు మనిషిని సరిగ్గా తేల్చవు. పైగా అడుగున తిరిగే సుడి మళ్ళీ ధార కిందికే లాగుతుంది. అంతకంటే ముఖ్యంగా, నీళ్ళు వచ్చిన దారినే రాళ్ళూ దుంగలూ వస్తాయి. హవాయిలోని ఓహు దీవిలో సేక్రెడ్ ఫాల్స్ అనే జలపాతం దగ్గర 1999 మే 9న కొండ మీంచి రాళ్ళు విరిగిపడి మడుగు దగ్గరున్న ఎనిమిది మంది చనిపోయారు, ఆ పార్కుని అప్పుడే మూసేశారు. కాబట్టి ధారకి దూరంగా, నీళ్ళు మడుగు దాటి బయటికి పోయే వైపు, నెమ్మదిగా ఉన్న గట్టు దగ్గర నడుము లోతులో ఉండండి. తల కిందులుగా దూకొద్దు. పోయిన వారం అక్కడ లేని బండ ఈ వారం ఉండొచ్చు. నీళ్ళు ఎర్రబడితే ఆ రోజుకి ఈత లేదు.

నీళ్ళు తేటగా ఉన్నా మింగకండి. ఎలుకలు, పందులు లాంటి జంతువుల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా వాగుల్లోకి చేరుతుంది, గీరుకున్న చర్మం గుండా, కళ్ళ గుండా ఒంట్లోకి పోతుంది. 2000లో బోర్నియోలోని సబాలో జరిగిన ఎకో ఛాలెంజ్ సాహస పోటీ తర్వాత, ఆరోగ్య శాఖ వాళ్ళు మాట్లాడగలిగిన 189 మందిలో 80 మందికి ఈ జబ్బు లక్షణాలు కనిపించాయి. సెగామ నదిలో ఈదడమే ప్రధాన కారణమని తేలింది. గాయాలకి తడి అంటని పట్టీ వేసుకునే దిగండి. ముందు జాగ్రత్తగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర వేసుకోవాలా అన్నది మీ డాక్టరు తేల్చాలి, ముఖ్యంగా వానాకాలంలో పోతుంటే. తిరిగొచ్చాక రెండు రోజుల నుంచి నెల రోజుల్లోపు ఎప్పుడైనా హఠాత్తుగా జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం వస్తే, మామూలు జ్వరమని మాత్ర వేసుకుని ఊరుకోకండి. దీవి అడవిలో వాగు నీళ్ళలో ఈదానని డాక్టరుకి మీరే చెప్పాలి. మలేరియా, డెంగీ ఉన్న దీవి అయితే ఆ పరీక్షలు కూడా అదే రోజు చేయించమని అడగండి.