గీతలు నిండినా వేగం ఎందుకు పెరగలేదంటే

పర్లాకిమిడి శివారులోని మీ డాబా మీద 4జీ రౌటర్‌కున్న రెండు యాంటెన్నాలు తీసేసి ఒక దిశకు గురిపెట్టే పెద్ద యాగీ యాంటెన్నా ఒక్కటే బిగించారనీ, సిగ్నల్ గీతలు నిండినా వేగం మునుపటికంటే తగ్గిందనీ రాశారు. లోపం ఆ యాంటెన్నాలో లేదు, అది ఒంటరిగా ఉండటంలోనే ఉంది.

1948లో అమెరికా గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ ఇచ్చిన సూత్రం ప్రకారం, డేటా మోసే సామర్థ్యం బ్యాండ్ వెడల్పుతో నేరుగా పెరుగుతుంది గానీ సిగ్నల్ బలంతో లాగరిథమ్ లెక్కన మాత్రమే పెరుగుతుంది. 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో సిగ్నల్ రొదకంటే 100 రెట్లు ఉంటే సెకనుకు సుమారు 133 మెగాబిట్లు గరిష్ఠ పరిమితి కాగా, దాన్ని 200 రెట్లు చేసినా ఆ పరిమితి 153 దగ్గరే ఆగుతుంది. అదే 100 రెట్ల బలాన్ని రెండు యాంటెన్నాలతో ఒకేసారి నడిచే రెండు స్వతంత్ర డేటా ధారలకు పంచితే, ఒక్కోదానికి 50 రెట్లే దక్కినా మొత్తం సుమారు 227 అవుతుంది. నాకు ఈ విషయంలో అన్నిటికంటే అందమైన లెక్క ఇదే.

కాబట్టి అలాంటిదే రెండో యాంటెన్నా తెచ్చి, ఒకదాన్ని కుడికి 45 డిగ్రీలు, మరొకదాన్ని ఎడమకు 45 డిగ్రీలు వంచి బిగించండి. టవర్లు సాధారణంగా ఈ రెండు వాలుల్లోనే ప్రసారం చేస్తాయి. రెండూ ఒకే వాలులో ఉంటే, ముఖ్యంగా టవర్ ఎదురుగా కనిపించేచోట, ధారలను వేరు చేయడం రౌటర్‌కు కష్టమవుతుంది. దేని కేబుల్ దానికే ఉండాలి, అదీ పొట్టిగా, మందంగా ఉండాలి. బిగించాక గీతలను కాక, రౌటర్ పేజీలో ఎస్‌ఐఎన్‌ఆర్ విలువను (రొద, ఇతర సిగ్నళ్ల అడ్డంకితో పోలిస్తే మన సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పే కొలత) చూస్తూ దిశ సరిచేయండి.